‘మనవాడు’ ఉన్న చోట మన హక్కు

తెలుగులో ‘మనవాడు’ అన్నంత ఆప్యాయమైన మాట మరొకటి ఉండదేమో. ఊరు కాని ఊళ్లో ఎవరైనా మనల్ని ఆ మాటతో పలకరిస్తే ప్రాణం లేచి వస్తుంది. అద్దె ఇంటికైనా, ఆసుపత్రిలో పడకకైనా, బడిలో సీటుకైనా ‘మనవాడు’ ఒకడుంటే పని సులువవుతుందని మనమందరం నమ్ముతాం. అయితే అదే మాట పనిచేసే చోట, జీతాలూ పదోన్నతులూ నిర్ణయించే మనిషి నోట వినిపించినప్పుడు దాని అర్థం మారిపోతుంది. అక్కడ ఒకరు ‘మనవాడు’ అయ్యారంటే, మిగిలినవారు ఏమీ కారని ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది.

ఉద్యోగం దొరకని బాధ గురించి మనం తరచుగా రాస్తాం, సభల్లో మాట్లాడుతాం. దొరికిన ఉద్యోగంలో ఎదగనివ్వని బాధ గురించి మాత్రం మాట్లాడేది తక్కువ. అది ఇంటి గోడల మధ్యే ఉండిపోతుంది. రాత్రి అన్నం ముందు కూర్చున్న భర్త ముఖంలోనో, బడి నుంచి తిరిగి వచ్చి మౌనంగా బురఖా విప్పి వంకెకు తగిలించే టీచరమ్మ నిట్టూర్పులోనో కనబడుతుంది. ఈ నెల ఆ బాధ గురించి, దాన్ని ఎదుర్కొనే పద్ధతి గురించి మా అభిప్రాయాన్ని పాఠకుల ముందు పెడుతున్నాం.

ఒక పట్టణంలోని పెద్ద వస్త్ర దుకాణాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. పట్టుచీరల కౌంటరులో వచ్చే కమీషను లుంగీలు, తువ్వాళ్ల కౌంటరులో రాదు. ఆషాఢం తగ్గింపు అమ్మకాలు, శ్రావణ మాసపు పెళ్లిళ్లు, దసరా, రంజాన్ — ఈ నాలుగు కాలాల్లో ఎవరు ఏ కౌంటరులో నిలబడతారన్నదే ఒక అమ్మకందారుడి ఏడాది సంపాదనను నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం ఫ్లోర్ మేనేజరుది. ఎనిమిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ముస్లిం యువకుడు ఈ ఏడు కూడా తువ్వాళ్ల దగ్గరే ఉన్నాడు. నిరుడు చేరిన కుర్రవాడు, మేనేజరు ఊరివాడు, పట్టు కౌంటరులో నిలబడ్డాడు. ఎవరూ మన యువకుణ్ని తిట్టలేదు. అతని మతం పేరు ఎత్తలేదు. పైగా మేనేజరు భుజం తట్టి, “భాయ్, నువ్వు కష్టపడేవాడివి, ఎక్కడ పెట్టినా నెట్టుకొస్తావు” అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలుతో పిల్లల ఫీజు కట్టలేం కదా!

ఇటువంటి స్థితిలో మనవాళ్లు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి పడతారు. మొదటిది, నసీబు అనుకుని నోరు మూసుకోవడం. రెండవది, ఏడాది పాటు మింగుకున్న కోపాన్ని ఒకనాడు ఖాతాదారుల ముందే కక్కేసి, మరునాటికల్లా ఉద్యోగం పోగొట్టుకోవడం. మూడవది, యజమానికి తెలిసిన ఒక పెద్దమనిషినో, స్థానిక నాయకుణ్నో పట్టుకుని సిఫారసు చేయించుకోవడం. మొదటి దారిలో అన్యాయం అలాగే ఉంటుంది. రెండవ దారిలో అన్యాయం చేసినవాడు నిర్దోషి అవుతాడు, పడినవాడు గొడవమనిషి అవుతాడు. మూడవ దారి అన్నిటికన్నా మోసకరమైనది. అందులో అన్యాయం పోదు, చేతులు మాత్రమే మారుతుంది. నిన్నటి బాధితుడు నేటి ‘మనవాడు’ అవుతాడు, అతని బదులు మరొకరు తువ్వాళ్ల దగ్గరకు పోతారు.

నాలుగవ దారి ఒకటుంది. అది నెమ్మదైన దారి. పక్షపాతం బతికేది రాతలో లేని చోట. ఎవరికి ఏ ప్రాతిపదికన ఏమి ఇస్తున్నారో కాగితం మీద లేనంతకాలం మేనేజరు ఇష్టమే నియమం. కాబట్టి పక్షపాతాన్ని ఎదుర్కోవడమంటే, నోటిమాటగా నడుస్తున్నదాన్ని ఓపికగా, మర్యాదగా, పట్టుదలగా కాగితం మీదికి తీసుకురావడమే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దాని వివరణ.

ద్వేషం లేకపోయినా అన్యాయమే

పక్షపాతం చూపే ప్రతి అధికారీ మనల్ని ద్వేషిస్తున్నాడని అనుకోనక్కరలేదు. చాలామంది ద్వేషించరు. తమకు దగ్గరగా ఉన్నవారిని నమ్ముతారు, అంతే. ఒకే ఊరు, ఒకే కులం, ఒకే కాలనీ, సాయంత్రం ఒకే టీ బండి దగ్గర నిలబడటం, ఆదివారం ఒకే పెళ్లికి వెళ్లడం — నమ్మకం ఇలాగే పుడుతుంది. పట్టణాల్లో మన బస్తీలు వేరుగా ఉన్నాయి. అద్దె ఇళ్లు మనకు దొరికే చోట్లు వేరుగా ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బా విప్పే బల్లలు కూడా కొన్నిచోట్ల వేరుగానే ఉన్నాయి. అందువల్ల ఆ దగ్గరితనం మనకు సులువుగా అందదు. ఖాళీ రాబోతున్నదన్న కబురు, కొత్త యంత్రంపై శిక్షణ ఇస్తారన్న సంగతి, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్న రోజు, ఇవన్నీ టీ బండి దగ్గరే తెలుస్తాయి. నోటీసు బోర్డు ఎక్కేసరికి పేర్లు ఖరారై ఉంటాయి.

గమనించి చూస్తే పక్షపాతం నాలుగు చోట్ల పనిచేస్తుంది. పని పంపకంలో: మంచి కౌంటరు, మంచి తరగతి, మంచి రూటు ఎవరికి అన్నది. సమాచారంలో: కబురు ఎవరికి ముందు అందుతుందన్నది. మదింపులో: ఒకే పనికి ఎవరికి ‘ఉత్తమం’, ఎవరికి ‘ఫరవాలేదు’ అన్నది. క్షమలో: ఆలస్యంగా వస్తే ఎవరికి చిరునవ్వు, ఎవరికి మెమో అన్నది. చాలామంది మూడవదాన్ని మాత్రమే పట్టించుకుంటారు. నిజానికి మొదటి రెండిటిలోనే ఆట ముగిసిపోతుంది. పెద్ద పని చేసే అవకాశమే ఇవ్వకుండా, పెద్ద పని చేయలేదని తక్కువ మార్కులు వేయడం ఎంత సులువు!

ఇది వ్యక్తుల బాధగా మాత్రమే మిగలలేదని అంకెలు చెబుతున్నాయి. 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక ప్రకారం రైల్వే ఉద్యోగుల్లో ముస్లింలు 4.5 శాతం. వారిలోనూ 98.7 శాతం మంది దిగువ స్థాయి ఉద్యోగాల్లోనే ఉన్నారు. తలుపు దాటి లోపలికి వెళ్లినవారు మెట్లెక్కలేదని దాని అర్థం. ఇక తలుపు దగ్గరే ఏం జరుగుతుందో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన చూపింది. ప్రయివేటు కంపెనీల ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. ఉన్నత కులపు హిందూ పేరున్న దరఖాస్తుతో పోల్చి చూస్తే, పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడింట ఒక వంతు ఉన్నట్టు తేలింది.

అయినా మా పాఠకులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. దేశంలో వివక్ష ఉన్నదన్నది నిజం. అంతమాత్రాన మన మేనేజరు తీసుకున్న ఫలానా నిర్ణయం మతవివక్షేనని రుజువు కాదు. పరీక్షించడానికి ఒక చిన్న ప్రశ్న చాలు: నాతో పాటు నష్టపోతున్నవారు ఇంకెవరు? దళిత సహోద్యోగి, వేరే జిల్లా నుంచి వచ్చిన హిందూ సహోద్యోగి, మేనేజరు ఇంటి పనులు చేయడానికి ఒప్పుకోని మరొకరు కూడా నష్టపోతుంటే అది పక్షపాతం. వారందరూ మన తోటి బాధితులు, మనకు తోడు రాగలవారు. అలాకాక మన పేర్లున్నవారే వరసగా పక్కకు తప్పుకోవలసి వస్తుంటే, గడ్డం గురించో హిజాబ్ గురించో జుమా నమాజు వేళ గురించో మాటలు కూడా వినిపిస్తుంటే అది వివక్ష. రెండిటికీ మాట్లాడే భాష వేరు, వెళ్లే దారి వేరు. మొదటిదాన్ని రెండవదిగా ప్రకటిస్తే, తోడు రావలసినవారు దూరమవుతారు. రెండవదాన్ని మొదటిదిగా మింగేస్తే, నేరం పేరు లేకుండా మిగిలిపోతుంది.

ముందు మన లెక్క మనం చూసుకోవాలి

ఫిర్యాదు చేసే ముందు రెండు మూడు నెలలు ఒక నోటు పుస్తకం పెట్టండి. అందులో ఏడుపు రాయవద్దు, వాస్తవాలు రాయండి. తేదీ, జరిగిన విషయం, అక్కడున్నవారు, మేనేజరు అన్న మాట యథాతథంగా. దాని పక్కనే మీ పని లెక్క: ఎంత అమ్మారు, ఎన్ని తరగతులు చెప్పారు, ఎన్ని సెలవులు పెట్టారు, ఎన్నిసార్లు ఆలస్యమయ్యారు. ఈ పుస్తకం ఇంట్లో ఉండాలి. ఆఫీసు కంప్యూటరులో, ఆఫీసు ఫోనులో ఉండకూడదు. సంస్థ రహస్య పత్రాలను ఫోటోలు తీసి దాచవద్దు. మీ కేసు మంచిదైనా అది మీ మీదికే తిరిగి వస్తుంది.

ఈ పుస్తకం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, రేపు ఎవరైనా రుజువేదని అడిగితే చూపడానికి ఉంటుంది. రెండవది ఇంకా ముఖ్యమైనది. కొన్నిసార్లు ఆ పుస్తకమే మన అనుమానం తప్పని చెబుతుంది. తోటివాడికి బిల్లింగు సాఫ్టువేరు వచ్చు, మనకు రాదు. అతను మూడు భాషల్లో ఖాతాదారుతో మాట్లాడగలడు, మనం మాట్లాడలేం. అలాంటప్పుడు కావలసింది ఫిర్యాదు కాదు, నేర్చుకోవడం. తన శ్రమకూ ప్రతిఫలానికీ ఉన్న నిష్పత్తిని మనిషి పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుంటూనే ఉంటాడనీ, తేడా కనిపిస్తే శ్రమ తగ్గించుకుంటాడనీ మనస్తత్వవేత్త స్టేసీ ఆడమ్స్ 1960లలోనే వివరించాడు. కానీ ఆ పోలిక మన కళ్లకు కనిపించేదాన్ని బట్టే జరుగుతుంది. పక్కవాడి శ్రమలో మనకు కనిపించని భాగం ఉండవచ్చు. మన శ్రమ తగ్గించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. మేనేజరుకు అంతవరకు లేని కారణాన్ని మనమే చేతికిచ్చినట్టవుతుంది.

అడిగే పద్ధతి

లెక్క చూసుకున్నాక కూడా అన్యాయమే అనిపిస్తే అడగాలి. నలుగురిలో కాదు, కోపంలో కాదు, పండుగ రద్దీలో అసలే కాదు. సమయం కోరి, గదిలో కూర్చుని అడగాలి. పక్కవాడి పేరు ఎత్తకూడదు. “అతనికెందుకు ఇచ్చారు?” అన్న ప్రశ్న మేనేజరును ఆత్మరక్షణలోకి నెడుతుంది. “సార్, పట్టు కౌంటరుకు మనుషుల్ని ఏ ప్రాతిపదికన ఎంచుతారు? అందులో నాకు తక్కువైనదేమిటి? వచ్చే సీజనుకు నన్ను పరిగణించాలంటే నేనేం చేయాలి?” అని అడిగితే అతను ఏదో ఒక ప్రాతిపదిక చెప్పక తప్పదు. చెప్పాడంటే, ఇంతవరకు గాలిలో ఉన్న నియమం నేలకు దిగిందన్నమాట.

ఆ మరునాడే దాన్ని కాగితం మీద పెట్టాలి. రెండు మూడు వాక్యాలు చాలు: ‘నిన్న మీరు నాకు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఆరు నెలల అమ్మకాల లెక్కను, బిల్లింగు పరిజ్ఞానాన్ని చూసి కౌంటరు కేటాయిస్తామని చెప్పారు. బిల్లింగు నేర్చుకోవడం ఈ వారమే మొదలుపెడుతున్నాను. వచ్చే కేటాయింపులో నన్ను పరిగణించవలసిందిగా మనవి.’ ఈమెయిలు ఉన్నచోట ఈమెయిలు, లేనిచోట వాట్సాప్ సందేశం, అదీ లేనిచోట రెండు ప్రతుల ఉత్తరం. ఇందులో ఒక్క ఆరోపణ లేదు. అయినా రాబోయే కేటాయింపు రోజున ఈ కాగితం మాట్లాడుతుంది.

అభిమానపాత్రుడైన సహోద్యోగితో వైరం పెట్టుకోకూడదు. అతను ఆ స్థానాన్ని దొంగిలించలేదు, అతనికి ఇచ్చారు. రేపు మేనేజరు మారితే అతనూ మన పక్కనే నిలబడవచ్చు. ఫేస్‌బుక్‌లో పేర్లు పెట్టి రాయడం, వాట్సాప్ గుంపుల్లో ఎత్తిపొడవడం అసలే వద్దు.

ఒంటరిగా అడగడం కన్నా నలుగురితో కలిసి అడగడం మేలు. మనకు పట్టు కౌంటరు కావాలని అడిగితే అది మన కోరిక. కౌంటర్లు రెండు నెలలకోసారి వంతులవారీగా మార్చాలని, ఆ పట్టికను గోడకు అంటించాలని నలుగురు సంతకం చేసి అడిగితే అది అందరి నియమం. ఆ నలుగురిలో వేర్వేరు మతాలవారు, కులాలవారు ఉంటే దాన్ని ‘వాళ్ల గొడవ’ అని తోసిపుచ్చడం యజమానికి కష్టమవుతుంది. పనిచేసే చోట మనకు దొరికే గొప్ప రక్షణ ఇటువంటి స్నేహాలే.

చట్టం మన వైపు ఎంతవరకు

పక్షపాతం అన్న మాట మన కార్మిక చట్టంలోనే ఉందని చాలామందికి తెలియదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టపు ఐదవ షెడ్యూలులో యజమానులు చేయరాని అన్యాయమైన కార్మిక పద్ధతుల జాబితా ఉండేది. ప్రతిభతో సంబంధం లేకుండా ఒక వర్గం కార్మికులపై పక్షపాతం చూపడం ఆ జాబితాలో ఒకటి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా తన రెండవ షెడ్యూలులో దీన్ని నిలుపుకున్నది. ఇటువంటి పద్ధతులకు పాల్పడితే 10 వేల రూపాయల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

అదే స్మృతి ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యజమాని తరఫువారు, కార్మికుల తరఫువారు సమానంగా ఉండాలి. మొత్తం సభ్యులు పదిమందికి మించరాదు. కార్మికుల్లో స్త్రీలు ఎంత నిష్పత్తిలో ఉన్నారో కమిటీలోనూ అంతకు తగ్గకుండా ఉండాలి. సంఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు. కమిటీ 30 రోజుల్లో విచారణ ముగించాలి. దాని నిర్ణయంతో తృప్తి కలగకపోతే, 60 రోజుల్లోగా తాను సభ్యుడైన కార్మిక సంఘం ద్వారా రాజీ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కార్మిక సంఘంలో సభ్యత్వం ఎందుకని అడిగేవారికి ఇదే జవాబు. మీ సంస్థలో ఈ కమిటీ ఉందో లేదో రేపే కనుక్కోండి. లేకపోతే, అది ఏర్పాటు చేయాలని కోరడమే మీ మొదటి విన్నపం కావాలి.

అయితే ఈ రక్షణకు హద్దులున్నాయి. మేనేజరు స్థాయి పనిచేసేవారు, నెలకు 18 వేల రూపాయలు దాటిన జీతం తీసుకునే పర్యవేక్షకులు ఈ చట్టం దృష్టిలో కార్మికులు కారు. పదవి పేరు కన్నా వాస్తవంగా చేసే పనినే న్యాయస్థానాలు చూస్తాయి కాబట్టి, పేరుకు ‘ఎగ్జిక్యూటివ్’ అని ఉన్నంత మాత్రాన నిరాశ పడనక్కరలేదు. ఇక ఉపాధ్యాయుల విషయం వేరు. వారు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు సుందరాంబాళ్ కేసులో తీర్పు చెప్పింది. ప్రయివేటు బడుల్లో పనిచేసే మన ఆడబిడ్డలకు అందువల్ల ఈ దారి మూసుకుపోయింది. వారికి నియామక పత్రం, అందులో రాసిన షరతులే ముఖ్యమైన ఆధారం. నియామక పత్రం అడిగి తీసుకోకుండా పనిలో చేరవద్దని మా మనవి.

స్త్రీల విషయంలో మరొక మాట. లైంగిక ఉద్దేశంతో దగ్గరవుతూ, మంచి తరగతులో పదోన్నతో ఇస్తానని సూచించడం కేవలం పక్షపాతం కాదు. 2013 నాటి చట్టం ప్రకారం అది లైంగిక వేధింపు. పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువ ఉన్నచోట జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇటువంటి సందర్భంలో ఆ స్త్రీని ‘ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చో’ అనడం తప్పు చేసినవాడికి బహుమతి ఇవ్వడమే.

ప్రభుత్వ ఉద్యోగంలో

ప్రభుత్వ ఉద్యోగులకు రాజ్యాంగమే అండ. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. రెండు తీర్పులు ప్రతి ఉద్యోగికీ తెలియాలి.

1969లో ఎ.కె. క్రైపాక్ కేసు. జమ్మూ కశ్మీరులో అటవీ సర్వీసుకు అధికారులను ఎంపిక చేసే బోర్డులో ఒక సభ్యుడు తానే స్వయంగా అభ్యర్థి. తన పేరు వచ్చినప్పుడు మాత్రం లేచి బయటికి వెళ్లాడు. తన పోటీదారుల పేర్లు చర్చకు వచ్చినప్పుడు కూర్చునే ఉన్నాడు. ఆ ఎంపికను సుప్రీంకోర్టు కొట్టివేసింది. పక్షపాతం జరిగిందని కచ్చితంగా రుజువు కానక్కరలేదు, జరగడానికి సహేతుకమైన అవకాశం ఉంటే చాలన్నది ఆ తీర్పు సారాంశం.

2008లో దేవ్ దత్ కేసు. ఆయన సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరు. ఒక ఏడాది ఆయన రహస్య నివేదికలో ‘గుడ్’ అని రాశారు. చూడటానికి మంచి మాటే. కానీ పదోన్నతికి కావలసింది ‘వెరీ గుడ్’. ఆ సంగతి ఆయనకు తెలియజేయనే లేదు. నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాలని, దానిపై అతను విన్నవించుకునే వీలుండాలని సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నివేదిక అందాక విన్నపం చేసుకోవడానికి 15 రోజుల గడువుంది. ఈ గడువును వదులుకోవద్దు. ‘గుడ్’ అని చూసి సంతోషించి సంతకం చేసి తిరిగి ఇచ్చేయవద్దు. సీనియారిటీ జాబితా, పదోన్నతి నిబంధనలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను వల్ల ప్రభుత్వ ఉద్యోగాల్లోకి వచ్చిన మన యువతీయువకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ రిజర్వేషను ప్రవేశానికే, పదోన్నతికి లేదు. పై మెట్లెక్కడంలో వార్షిక నివేదికలకూ పాత్ర ఉంటుంది. కాబట్టి కాగితాన్ని చదవడం, ప్రశ్నించడం వారికి మరింత అవసరం.

ప్రయివేటు రంగంలో మాత్రం పెద్ద ఖాళీ ఉంది. మతం కారణంగా పదోన్నతి ఆపితే ప్రయివేటు యజమానిని నేరుగా నిలదీయడానికి సమగ్రమైన కేంద్ర చట్టం లేదు. సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. ఇది మన సంఘాలు వదలకుండా అడగవలసిన డిమాండు. ముస్లింల కోసమని మాత్రమే కాక, దళితులు, ఆదివాసులు, స్త్రీలు, వికలాంగులు అందరితో కలిసి అడగవలసిన డిమాండు.

మన దుకాణంలో మన త్రాసు

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి చేదుగా ఉండవచ్చు. పక్షపాతం గురించి ఫిర్యాదు చేసే మనమే యజమానులమైన చోట ఏం చేస్తున్నాం? మన హోటళ్లలో, మన వెల్డింగు షాపుల్లో, మనం నడిపే బడుల్లో, చివరకు మసీదు కమిటీల కింద పనిచేసే చిన్న చిన్న కొలువుల్లో గల్లా పెట్టె దగ్గర ఎవరు కూర్చుంటున్నారు? పదిహేనేళ్లుగా వంటింట్లో పొగ మింగుతున్న పనివాడా, నిన్న డిగ్రీ తప్పి వచ్చిన మేనల్లుడా? మన బడిలో పనిచేసే హిందూ టీచరుకు మంచి తరగతి ఇవ్వడానికి మనం వెనకాడటం లేదా?

మన వాళ్లకైనా, మన కన్నవారికైనా, మనకే అయినా వ్యతిరేకంగా న్యాయం చెప్పవలసి వస్తే చెప్పాలని ఖురాన్ నాలుగవ అధ్యాయం ఆదేశిస్తుంది. ఒక జాతి మీద కోపం మనల్ని అన్యాయానికి పురికొల్పకూడదని ఐదవ అధ్యాయం హెచ్చరిస్తుంది. పదవి ఒక అమానత్. దాన్ని అర్హులకు కాక అయినవారికి అప్పగించినవాడు, రేపు మరొకరి పక్షపాతాన్ని ఏ నోటితో ప్రశ్నిస్తాడు?

సిఫారసు ఫోను విషయంలోనూ మనం మారాలి. “మన పిల్లవాడు, కాస్త చూసుకోండి” అని చేసే ప్రతి ఫోనూ, అదే వేళ మరొక పేదింటి పిల్లవాడిని వరసలో వెనక్కి నెడుతుంది. ఖాళీ ఉందని తెలియజేయడం సాయం, దరఖాస్తు రాసి పెట్టడం సాయం, ఇంటర్వ్యూకు తయారు చేయడం సాయం. వరస దాటించడం సాయం కాదు. టీ బండి దగ్గర దొరకని కబురును మన పిల్లలకు అందించే బాధ్యత మన సంఘాలది. సిఫారసు మీద పెట్టే శ్రమలో సగం దీనిమీద పెట్టినా ఎంతో మేలు జరుగుతుంది.

యజమానులుగా మనం చేయగలిగినది చాలా చిన్నది. పని పంచే ప్రాతిపదిక ఏమిటో నాలుగు వాక్యాల్లో రాసి గోడకు అంటించండి. వంతుల పట్టిక పెట్టండి. మీ బంధువు అక్కడ పనిచేస్తుంటే అతని జీతం, సెలవు నిర్ణయం మరొకరికి అప్పగించండి.

కుటుంబాలకు ఒక మాట

ఇంట్లోవారు రెండు తొందరపాటు సలహాలు ఇవ్వకుండా ఉండాలి. ఒకటి ‘సర్దుకుపో’, రెండవది ‘మానెయ్’. అలసి వచ్చిన కొడుకుతో “బేటా, జరిగింది రాసి పెట్టుకున్నావా?” అని తల్లి అడగగలిగితే, అది వకీలు సలహాతో సమానం. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు దాచుకోగలిగితే అడిగేవాడి గొంతులో వణుకు తగ్గుతుంది. అన్ని దారులూ మూసుకుపోయి వేరే చోటికి పోవలసి వచ్చినా, చేతిలో కొత్త ఉద్యోగం, అనుభవ పత్రం, రావలసిన బకాయిల లెక్క ఉంచుకుని మర్యాదగా బయటికి రావాలి. ఒక చోట ఇమడలేకపోవడం ఓటమి కాదు. తలుపు విసిరికొట్టి ఖాళీ చేతులతో రావడం మాత్రం నష్టమే.

మళ్లీ ఆ వస్త్ర దుకాణానికి వద్దాం. మన యువకుడు అడిగాడనుకుందాం, రాశాడనుకుందాం, మరో ముగ్గురితో కలిసి వంతుల పట్టిక కావాలని సంతకం చేశాడనుకుందాం. వచ్చే శ్రావణంలో అతనికి పట్టు కౌంటరు దక్కవచ్చు, దక్కకపోవచ్చు. దక్కుతుందని మేము హామీ ఇవ్వలేం. కానీ గోడ మీద ఒక పట్టిక వెలిసిందంటే, అతని తర్వాత ఆ దుకాణంలో చేరే ప్రతి కుర్రవాడూ, ఏ పేరున్నవాడైనా, దాన్ని వేలు పెట్టి చూపించి “సార్, ఈ నెల వంతు నాది” అని అడగగలడు. ఎవరికీ ‘మనవాడు’ కానక్కరలేకుండా బతకగలిగే చోటు అలాగే తయారవుతుంది. ఆ పట్టిక కోసం మొదటి సంతకం మనది కావాలని, మన యాజమాన్యంలోని గోడల మీద అది అన్నిటికన్నా ముందు కనిపించాలని మేము కోరుతున్నాం.